కొక్కేనికి మిగిలిన బిళ్ళ

పేరు యమున. తండ్రి ముత్యం, బొగ్గుగనిలో పనిచేసి విరమించిన కార్మికుడు. వయస్సు ఇరవై ఎనిమిది సంవత్సరాలు. నివాసం గోదావరిఖని, కార్మికుల క్వార్టర్లు. ఈ పంక్తులు రాస్తున్నవాడు ఆమెను పంతొమ్మిది సంవత్సరాలుగా ఎరుగును. కళ్ళారా చూచినది చూచినట్లు, ఆమె నోట విన్నది విన్నట్లు ఇక్కడ పొందుపరచడమైనది.

ఈ ప్రాంతంలో గనిని బాయి అంటారు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేముందు ల్యాంపు రూములో తలదీపం తీసుకొని, తన బిళ్ళను అక్కడి పలకమీది కొక్కేనికి తగిలించి పోతాడు. పైకి వచ్చి దీపం అప్పగించిన తరువాతనే బిళ్ళ తిరిగి తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ వేలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా భూమి కిందనే ఉన్నాడని అర్థం. యమున చిన్నతనంలో, షిఫ్టు విడిచిన కూత వినబడగానే ఆమె తల్లి వాకిట్లోకి వచ్చి, వీధిలో మొదట కనబడిన మనిషిని ఆపి, "మా ఇంటాయన బిళ్ళ తీసుకున్నడా అన్నా?" అని అడిగేది. తీసుకున్నాడన్న మాట చెవిన పడిన తరువాతనే పొయ్యిమీద ఎసరు పెట్టేది. ఆ ప్రశ్న వింటూ, ఆ జవాబు కోసం తల్లి కొంగు పట్టుకొని నిలబడుతూ యమున పెరిగినది.

క్వార్టర్లకు ఆవల, బాయికి గాలి అందించే పెద్ద ఫ్యాను ఉన్నది. దాని హోరు పగలనక రాత్రనక వినిపిస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటారు. ఇక్కడ పుట్టినవారికి మాత్రం ఆ హోరు తమ ఊపిరివలెనే తెలియదు.

యమున కంప్యూటర్ల ఇంజనీరింగు చదివి, చౌరస్తాలో మందుల దుకాణం పై అంతస్తున ఉన్న ఒక చిన్న సంస్థలో ఉద్యోగానికి చేరినది. సంస్థ యజమాని రవికాంత్. ఆయన పెద్దలు కోస్తానుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. మనిషి మాటకారి, చెడ్డవాడు కాడు. గనుల కాంట్రాక్టర్లకు, సిమెంటు లారీల యజమానులకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేవాడు. మొదట ఆ గది నిండా మనుషులుండేవారు. ఏఐ పనిముట్లు వచ్చిన తరువాత కుర్చీలు ఒక్కొక్కటిగా ఖాళీ అయినాయి. చివరకు కోడు రాసేవారిలో యమున ఒక్కతే మిగిలినది. ఖాళీ కుర్చీలను రవికాంత్ తీసివేయించలేదు. ప్రతి ఉదయం వాటి మధ్యనుండి నడిచి తన చోటికి పోవడం యమునకు కష్టంగా ఉండేది.

బాయి ల్యాంపు రూముకు ఒక కొత్త ప్రోగ్రాము కావలెనని ఆ సంస్థకు పని వచ్చినది. ఎవరు దీపం తీసుకొని దిగినారో, ఎవరు అప్పగించి వచ్చినారో తెరమీద చూపవలెను. కింద ఎంతమంది ఉన్నదీ ఎప్పటికప్పుడు తెలియవలెను. కొంతకాలం బిళ్ళలూ తెరా పక్కపక్కనే నడిపి, అంతా సరిపోయినచో బిళ్ళలు తీసివేయవలెనని ఉద్దేశం.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అని రవికాంత్ అడిగినాడు.

"నెల పడ్తది సార్."

"నెలా! ఇప్పుడు నెలంటే నవ్వుతారమ్మా. ఏఐ ఉండగా నెలేంటి? వారంలో ఇస్తానని మాటిచ్చేశాను."

యమున ఖాళీ కుర్చీల వైపు చూచి, సరేనన్నది.

ఆ పనిముట్టు చేసే పని ఒక విధంగా అద్భుతమే. కావలసినది మామూలు మాటల్లో చెప్పినచో, మనిషికి ఒక పూట పట్టే కోడును నీళ్ళు తాగి వచ్చేలోగా రాసి పెట్టేది. మొదటి దినం యమున అది రాసిన ప్రతి పంక్తినీ చదివినది. రెండవ దినం ముఖ్యమైనవి చదివినది. తరువాత చదవడం మానుకొని, నడిపి చూచి, నడిస్తే చాలునని ముందుకు పోయినది. చదువుతూ కూర్చుంటే వారం దాటుతుంది. వారం దాటితే తన కుర్చీ కూడా ఖాళీ అవుతుంది. ఆమె మనసులో ఉన్న భయం అదొక్కటే. అంతకంటె పెద్ద భయం ఒకటున్నదని అప్పటికి ఆమెకు తెలియదు.

రవికాంత్‌కు చూపించిన నాడు తెరమీద కొన్ని ఎర్ర వరుసలు నిలిచిపోయినాయి. పరీక్ష కోసం వేసిన ఉత్తుత్తి పేర్లవి. దీపం తీసుకున్నట్లు ఉన్నది గాని, షిఫ్టు వేళ దాటినా అప్పగించినట్లు లేదు.

"ఇవేంటమ్మా, పెళ్ళిపందిట్లో ఎర్రజెండాలు కట్టినట్టు? పెద్దాఫీసర్లు వచ్చి చూస్తారు. తీయించెయ్."

యమున ఏఐకి, మిగిలిపోయిన ఎర్ర వరుసలు పేరుకుపోకుండా చూడమని చెప్పినది. అది వెంటనే చేసి పెట్టినది. చేసినదేమిటో అడుగున వివరంగా రాసినది కూడా: పది గంటలు దాటినా ముగియని ప్రతి వరుసనూ మనిషి బయటకు వచ్చినట్లుగా నమోదు చేసి మూసివేయడం జరుగుతుంది, ఇది మీ అవసరానికి సరిపోతుందో లేదో చూచుకొనగలరు. ఆఫీసుల హాజరు ప్రోగ్రాములలో అట్లాగే ఉంటుంది. సాయంత్రం హాజరు యంత్రంమీద వేలు పెట్టడం మరచి ఇంటికి పోయినవాడిని ఆ విధంగానే లెక్కగడతారు. యమున ఆ వాక్యం చదవలేదు. తెర శుభ్రంగా ఉన్నది, రవికాంత్ భుజం తట్టినాడు, ఆమె మీట నొక్కినది.

పని అప్పగించేటప్పుడు, ఇందులోని ప్రతి పంక్తినీ చదివి సరిచూచితినని ఒక కాగితంమీద సంతకం చేయవలసి వచ్చినది. యమున కలం పట్టుకొని కొంచెంసేపు ఆగినది.

"ఏంటమ్మా ఆలోచిస్తున్నావ్? అందరూ పెట్టేదే," అన్నాడు రవికాంత్.

ఆమె సంతకం పెట్టినది.

బిళ్ళల పలకా, తెరా మూడు వారాలు పక్కపక్కనే నడిచినాయి. ఒక్కనాడు కూడా తేడా రాలేదు. పనిదినాలలో మనుషులు షిఫ్టుకు దిగి షిఫ్టుకు ఎక్కివస్తారు గనుక పది గంటలు దాటే అవసరం ఎవరికీ కలుగలేదు. ల్యాంపు రూములో ఉండేవారు క్రమంగా పలకవైపు చూడడం తగ్గించినారు. ఫోనులోనే చూచుకొనే ఏర్పాటు కూడా ఉండడంతో ఆఫీసర్లు మెచ్చుకున్నారు.

తరువాత వచ్చిన ఆదివారం సాయంత్రం యమున వాకిట్లో బండి తుడుచుకుంటున్నది. పక్క క్వార్టరు సారవ్వ, టిఫిను క్యారియరు చేతబట్టుకొని వచ్చినది. సారవ్వ భర్త ఆగయ్య బాయిలో పంపు నడిపేవాడు. ఆదివారం బొగ్గుపని ఉండదు గాని, నీళ్ళకు సెలవు లేదు. పంపు మనిషి దిగవలసిందే.

"యమునా, బండి తీస్తవా బిడ్డ? నన్ను బాయికాడ దింపు. మీ కాకకు బువ్వ పంపియ్యాలె."

"కాక ఇంక రాలేదా చిన్నమ్మా? మొదటి షిఫ్టే గద?"

"ఏడ వస్తడు! బదులు రావాల్సినోడు మంచిర్యాలల పెండ్లికి పోయి ఆడనే పండుకున్నడట. పంపు ఇడిచివస్తే నీళ్ళు నిండుతయి. ఇగ మనోడే డబల్ డ్యూటీ. పైకొచ్చిన ఫిట్టరు చెప్పి పోయిండు. పొద్దుగాల రెండు రొట్టెలు తిని దిగిన మనిషి. ఆకలైతే మనుషుల్నే కాదు, పంపును గూడ తిడతడు."

యమున నవ్వినది. "ఆగు చిన్నమ్మా, కాక ఏడున్నడో నా ఫోన్ల చూపిస్త. నేను చేసిందే," అని కొంచెం గర్వంగా ఫోను తెరిచినది.

సారవ్వ మొగం దగ్గరగా పెట్టినది. "ఏది? ఏడున్నడు?"

కింద ఉన్నవారిది పచ్చ వరుస, షిఫ్టు వేళ దాటినవారిది ఎర్ర వరుస; తెరమీద రెండూ లేవు. కింద ఉన్నవారు ఎవరూ లేరని మాత్రం ఉన్నది. ఆగయ్య పేరుమీద వేలు నొక్కినది. సాయంత్రం అయిదు గంటలకు పైకి వచ్చి దీపం అప్పగించినట్లు నమోదై ఉన్నది. పొద్దున ఏడింటికి దిగిన మనిషి. ఏడునుండి అయిదుకు పది గంటలు.

ఆ క్షణంలో యమునకు తాను అడిగినది గుర్తుకు వచ్చినది. పేరుకుపోకుండా చూడు అన్నది. చదవకుండా నొక్కిన ఆ మీట గుర్తుకు వచ్చినది.

"ఏంది బిడ్డ, గట్ల తెల్లవోయినవ్?"

ఆ ఉదయం షిఫ్టు ఇంజనీరు వేణుమాధవ్ ఆ ప్రోగ్రాము ఉన్న అందరి ఫోన్లకు పంపిన కబురు యమున కళ్ళముందు నిలిచినది. సాయంత్రం ఫ్యాను బెల్టు మార్చవలసి ఉన్నదనీ, పంపు మనిషిని కూడా కాసేపు పైకి రప్పించి, బాయి పూర్తిగా ఖాళీ అయినట్లు చూచుకొని ఫ్యాను ఆపబడుననీ అందులో ఉన్నది. ఫ్యాను ఆగినచో బాయిలో గాలి ఆడదు, ప్రమాదకరమైన వాయువు పేరుకుంటుంది. ఆ సంగతి ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

వేణుమాధవ్‌కు ఫోను చేసినది. ఎత్తలేదు. పనిచోట ఫోన్లు బయట పెట్టి పోతారు. ల్యాంపు రూముకు చేసినది. మోగి మోగి ఆగిపోయినది. చివరకు రవికాంత్‌కు చేసినది.

"సార్, తెర తప్పు చూపిస్తున్నది. మనిషి కింద ఉన్నడు, లేడని చూపిస్తున్నది. వాళ్ళు ఫ్యాను ఆపుతరు సార్."

"కంగారుపడకమ్మా. వాళ్ళకి బిళ్ళలున్నాయిగా, చూసుకోరా? నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పు. రేపొద్దున కూర్చుని సరిచేద్దువు."

"రేపటిదాక ఎట్ల సార్?"

ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "అక్కడికెళ్ళి ఏఐ అదీ ఇదీ అని వాగకు. కాగితం మీద సంతకం నీది. గుర్తుంచుకో."

యమున ఫోను సంచిలో వేసుకొని, "ఎక్కు చిన్నమ్మా, జల్ది," అన్నది.

దారంతా వర్షపు నీళ్ళు, బొగ్గు బురద. వెనుక కూర్చున్న సారవ్వ క్యారియరు ఒడిలో పెట్టుకొని, బదులు రానివాడిని తిడుతూనే ఉన్నది. యమునకు ఆమె మాటలు వినబడుతున్నాయి గాని అర్థం కావడం లేదు. ఆమె చెవులు ఫ్యాను హోరుమీదనే ఉన్నాయి. పుట్టినప్పటినుండి ఎన్నడూ వినని ఆ హోరును ఆమె ఇప్పుడు వింటున్నది. ఉన్నది, ఇంకా ఉన్నది అని మనసులో అనుకుంటూ బండి తోలుతున్నది.

రైలు గేటు దాటిన తరువాత హోరు సన్నబడినది. మూలిగినట్లై, క్రమంగా తగ్గి, ఆగిపోయినది.

ఎప్పుడూ లేని నిశ్శబ్దం. ఎక్కడో కుక్క మొరగడం, ఎవరింటిలోనో గిన్నె పడడం స్పష్టంగా వినిపించినాయి.

"కరెంటు పోయిందా ఏంది?" అన్నది సారవ్వ.

బండి బురదలో జారబోతే సారవ్వ యమున నడుము పట్టుకొని, "మెల్లగ బిడ్డ! కూరల రసమంత ఒలుకుతది!" అని అరిచినది.

గేటు దగ్గర బండిని పడవేసినట్లే వదిలి యమున ల్యాంపు రూములోకి పరుగెత్తినది. అక్కడి మనిషి ఆదివారం బదులు వచ్చినవాడు. ఆమెను చూచి, "అంత ఖాళీ మేడం, మీ తెర మంచిగ పనిచేస్తున్నది," అన్నాడు. యమున అతని భుజంమీదుగా పలకవైపు చూచినది. వరుసలు వరుసలుగా వట్టి కొక్కేలు. ఒకచోట, మధ్యలో, ఒక్క బిళ్ళ.

ఆమె ఆగలేదు. ఫ్యాను దగ్గరకు పరుగెత్తినది. వేణుమాధవ్ చేతులనిండా గ్రీజుతో నిలబడి ఉన్నాడు. బెల్టు అప్పటికే సగం విప్పివేసినారు.

"సార్, కింద మనిషున్నడు. ఆగయ్య కాక. పంపు కాడ."

"పంపు మనిషి వచ్చేసిండు గద? తెరల ఖాళీ అనే ఉండె. పంపు ఫోను వానకు మూగవోయింది, అందుకే తెర చూసి చెప్పిన్రు."

"తెర తప్పు సార్. పది గంటలు దాటినోళ్ళను అదే పైకి వచ్చినట్టు రాసుకుంటున్నది. ఏఐతోని రాయించిన. చదవకుండనే పెట్టిన. నాదే తప్పు సార్."

వేణుమాధవ్ ఆమె మొగంలోకి ఒక్కసారి చూచినాడు. తిట్టలేదు. అది తిట్టడానికి సమయం కాదు. "బెల్టు ఎక్కియ్యిన్రి! పాతదే ఎక్కియ్యిన్రి!" అని అరిచి, గాలి పరీక్షించే పనిముట్టుతో ఇద్దరిని కిందికి పంపినాడు.

బెల్టు విప్పినంత తేలికగా ఎక్కదు. నలుగురు పట్టి లాగుతున్నారు. జారుతున్నది, మళ్ళీ లాగుతున్నారు. యమున బాయి ముఖద్వారం దగ్గరకు వచ్చి నిలబడినది. లోపల చీకటి ఏటవాలుగా దిగిపోతున్నది. ఎప్పుడూ లోపలికి లాగే గాలి ఇప్పుడు లేదు. చున్నీ కొస కదలక వేలాడుతున్నది.

సారవ్వకు అప్పటికి సంగతి చూచాయగా తెలిసినది. ఎవరూ చెప్పలేదు. మనుషుల నడకనుబట్టి తెలుసుకున్నది. క్యారియరు రెండు చేతులా పట్టుకొని వచ్చి యమున పక్కన నిలబడినది. అంతసేపు ఆగక మాట్లాడిన మనిషి, చాలాసేపటికి ఒక్క మాట అడిగినది.

"నీ ఫోన్ల లేడంటే, నిజంగ లేడా బిడ్డ?"

"ఉన్నడు చిన్నమ్మా. ఉన్నడు. ఫోనే అబద్ధం."

సారవ్వ నమ్మినదో లేదో తెలియదు. ఆమె కళ్ళు చీకటిమీదనుండి కదలలేదు.

ఫ్యాను మొదట దగ్గినట్లు చప్పుడు చేసి, ఆగి, మళ్ళీ లేచినది. హోరు పెరిగి పెరిగి మామూలు స్థాయికి వచ్చినది. చున్నీ కొస కొంచెం కదిలి, తరువాత లోపలికి ఎగిరినది. అయినా చీకటిలోనుండి ఎవరూ రాలేదు. యమునకు ఆ నిరీక్షణలో చిన్నతనం గుర్తుకు వచ్చినది. తల్లి కొంగు, వీధి, బిళ్ళ తీసుకున్నడా అన్నా అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు తానే యంత్రంచేత జవాబు చెప్పించినది. మనిషి రాకముందే వచ్చినాడని చెప్పించినది.

చాలా లోతున ఒక చుక్క వెలుగు కనబడినది. తరువాత మూడు చుక్కలైనాయి. మధ్యలోని చుక్క ఆగయ్యది. గాలి మొగానికి తగలడం ఆగిపోగానే ఆయనకు అనుమానం వచ్చి, పంపు వదిలి గోడ పట్టుకొని నడక మొదలుపెట్టినాడట. సగం దారిలో కిందికి పోయినవారు ఎదురైనారట. పైకి వచ్చి, అందరూ తనవైపే చూస్తుంటే, వేణుమాధవ్ చెప్పినదంతా విని, ఆగయ్య తలదీపం తీస్తూ అన్నాడు:

"కంప్యూటర్ల నేను అయిదింటికే ఇంటికి పోయిన్నా? మంచిగనే ఉన్నది. మరి ఇంట్ల నా బువ్వ తిన్నదెవడే సారవ్వా?"

"నోరు మూయి, సచ్చినోడా," అని సారవ్వ ఆయన వీపున ఒక్కటి వేసి, అక్కడే కూలబడి ఏడ్చినది. చుట్టూ ఉన్నవారు నవ్వినారు. ఆగయ్య మెట్టుమీద కూర్చొని క్యారియరు విప్పినాడు. యమున మాత్రం నవ్వలేదు. గోడ చాటుకు పోయి వాంతి చేసుకున్నది.

మరునాడు ఆమె జరిగినదంతా తన చేతితో రాసి ఇచ్చినది. సంస్థ తరఫున రవికాంత్ వేరుగా రాసి ఇచ్చినాడు. ఏఐ వాడిన విషయం సంస్థకు తెలియదనీ, ఆమె తన ఇష్టానుసారం చేసినదనీ, ఆమెను తొలగించినామనీ అందులో ఉన్నది. ప్రోగ్రాము నిలిపివేసినారు, ఆమె గేటు పాసు రద్దయినది. ఏ కాంట్రాక్టరు తరఫునా బాయి ఆవరణలోకి రాకూడదని ఉత్తర్వు వచ్చినది. రవికాంత్ మరొక యువకుడిని పెట్టుకొని, అదే ఏఐతో ఒక్క దినంలో ఆ తప్పు సరిచేయించి, ప్రోగ్రాము మళ్ళీ నడపడానికి సిద్ధంగా ఉన్నదని తెలియజేసినాడు.

ఆ కబురు విన్నప్పటినుండి యమునకు అన్నం సహించడం లేదు. పక్షం దినాలుగా చూస్తున్నాము, గాలి దిశ మారి ఫ్యాను హోరు కొంచెం తగ్గినా చేతిలో పని వదిలి వాకిట్లోకి వస్తున్నది. ఆగయ్య డ్యూటీకి పోతూ, "కాక పోతున్నడు, చూసుకో బిడ్డ!" అని నవ్వించబోతే ఆమె మొగం ఇంకా పాలిపోతున్నది.

తండ్రి ముత్యం ఒకనాడు ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని అన్నాడు: "నిజం చెప్పినవు. మనిషి దక్కిండు. ఇంక దేనికి ఫికరు?"

"ఒక్కటే చెప్పిన బాపు. నాకు కనవడ్డది గదొక్కటే. చదవకుండ పెట్టినయి ఇంక మస్తున్నయి. అండ్ల ఏమున్నదో నాకు తెల్వది. కొత్తగొచ్చిన పిలగానికీ తెల్వది. రేపు బిళ్ళలు తీసేస్తే ఎట్ల?"

ముత్యం వద్ద దానికి జవాబు లేకపోయినది. ఈ పంక్తులు రాస్తున్నవానివద్ద కూడా లేదు. జవాబు ఇవ్వగల అధికారం తమకు మాత్రమే ఉన్నందున ఈ దిగువ మనవి చేయడమైనది.

గని మేనేజరు గారి సముఖమునకు:

పై యమున తప్పు చేయలేదని ఈ దరఖాస్తు చెప్పడం లేదు. ఆమె కూడా చెప్పడం లేదు. ఉద్యోగం తిరిగి ఇప్పించమని గాని, సంతకం చేసిన బాధ్యతనుండి తప్పించమని గాని కోరడం లేదు. ఆమె కోరునది ఒక్కటే. ఆ ప్రోగ్రాము మళ్ళీ నడవకముందు, అందులోని ప్రతి పంక్తినీ మొదటినుండి చివరిదాకా కూర్చొని చదువుటకు ఆమెకు అనుమతి దయచేయవలెను. బాయి పని తెలిసిన ఒక ఉద్యోగిని తాము నియమించినచో ఆయన ఎదుటనే, జీతభత్యాలు లేకుండా, ఎన్ని దినాలు పట్టినా చదువుటకు ఆమె సిద్ధంగా ఉన్నది. అందుకు అవసరమైనంత మేరకు ఆమె గేటు పాసు రద్దు ఉత్తర్వును సడలించవలెను. ఆ చదువు ముగిసి, తాము తృప్తి చెందేవరకు, ల్యాంపు రూములోని బిళ్ళల పలకను ఎట్టి పరిస్థితిలోను తొలగించకుండా ఉత్తర్వు చేయవలెను.

మొదటి షిఫ్టు రేపు కూడా దిగుతుంది గనుక, ఈ విషయంలో ఆలస్యం లేకుండా నిర్ణయం తీసుకొనవలెనని ఆమె పక్షాన సవినయంగా అర్థించడమైనది.

నర్సింగం,
విశ్రాంత ఆఫీసు గుమాస్తా,
గోదావరిఖని.